సొమ్ము పోయినవాళ్ళే నోరు మెదపకపోతే? జపాన్‌లో రాజకీయ నిధుల స్వాహా కేసుల సంగతి

జపాన్‌లో ఏ రాజకీయ నిధుల కుంభకోణం బయటపడినా వెంటనే ఒక వాదన మొదలవుతుంది: పోయింది పార్టీ డబ్బు, పార్టీ వాళ్ళే ఫిర్యాదు చేయలేదు, మరి మధ్యలో ప్రాసిక్యూటర్లకేం పని? వినడానికి సబబుగానే అనిపించే ఈ మాట చట్టం ముందు నిలవదు, కానీ కోర్టు దాకా వెళ్ళే దారిలో మాత్రం చాలా కేసుల్ని ఆపేస్తోంది. చట్టంలో లేని అడ్డంకి ఆచరణలోకి ఎలా వచ్చిందన్నదే ఇక్కడ అర్థం చేసుకోవాల్సిన విషయం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. జపాన్ శిక్షాస్మృతిలో స్వాహాకి మూడు సెక్షన్లున్నాయి. తన దగ్గర నమ్మి ఉంచిన ఇతరుల సొత్తుని సొంతం చేసుకుంటే సెక్షన్ 252, 5 ఏళ్ళ వరకు జైలు. అదే పని వృత్తి బాధ్యతల్లో భాగంగా చేతికొచ్చిన సొమ్ముతో చేస్తే 253, 10 ఏళ్ళ వరకు జైలు. దారిలో దొరికిన వస్తువు నొక్కేయడం లాంటి వాటికి 254. కోశాధికారులు, కార్యదర్శులు, సంఘాల పెద్దలు వీళ్ళందరికీ వర్తించేది 253. ఈ మూడింట్లో ఎక్కడా బాధితుడు ఫిర్యాదు చేస్తేనే కేసు నడవాలన్న షరతు లేదు. అలాంటి షరతున్న నేరాల్ని అక్కడ శింకొకుజాయ్ అంటారు. పరువు తీయడం, అవమానించడం, ఇతరుల వస్తువు పగలగొట్టడం ఆ కోవలోకి వస్తాయి, వాటిలో నేరం చేసిందెవరో తెలిసిన 6 నెలల్లో బాధితుడు ఫిర్యాదు ఇవ్వాలి, లేకపోతే అంతే. స్వాహా విషయంలో ఫిర్యాదు తప్పనిసరయ్యే సందర్భం ఒక్కటే, అది బంధువుల మధ్య జరిగినప్పుడు: భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, ఒకే ఇంట్లో ఉండే చుట్టాలు అయితే శిక్షే ఉండదు, మిగతా బంధువులైతే ఫిర్యాదు ఉంటేనే కేసు. పార్టీకీ నాయకుడికీ మధ్య అలాంటి బంధుత్వం ఉండదు కాబట్టి ఆ వెసులుబాటు ఇక్కడ పనికిరాదు.

ఇక ఎవరు ముందుకు రావచ్చు అన్నది. క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సెక్షన్ 230 ప్రకారం బాధితుడు ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్ని కొకుసో అంటారు. సెక్షన్ 239 ప్రకారం నేరం జరిగిందని నమ్మే ఎవరైనా, ఆ వ్యవహారంతో ఏ సంబంధం లేనివాళ్ళైనా సరే, ఫిర్యాదు ఇవ్వొచ్చు, అది కొకుహత్సు. ప్రభుత్వ ఉద్యోగికి తన విధుల్లో నేరం కనబడితే ఫిర్యాదు చేయడం బాధ్యత కూడా. ఈ రెండూ లేకపోయినా ప్రాసిక్యూటర్ తనంతట తాను దర్యాప్తు మొదలుపెట్టొచ్చు. అంతిమంగా కేసు పెట్టాలా వద్దా అన్న అధికారం సెక్షన్ 247 ప్రకారం మామూలుగా ప్రాసిక్యూటర్ ఒక్కరికే ఉంది. అంటే కాగితం మీద చూస్తే పార్టీ మౌనానికి విలువ సున్నా.

మరి చిక్కెక్కడొస్తుంది? స్వాహా నేరం నిలబడాలంటే ప్రాసిక్యూటర్ రుజువు చేయాల్సిన విషయాలు ఒక్కొక్కటీ బాధితుడి నోటి మాట మీదే ఆధారపడతాయి. ఆ డబ్బు ఎవరిది? ఏ పని కోసం అప్పగించారు? ఆ పని దాటి వాడుకోవడానికి అనుమతి ఉందా లేదా? మామూలు కంపెనీ కేసులో ఇవి తేలికే. కంపెనీ నియమావళి, బ్యాంకు పాస్‌బుక్కు, ఖాతా పుస్తకాలు, బోర్డు మినిట్స్, వీటితోపాటు "ఈ చెల్లింపుకి నేను అనుమతి ఇవ్వలేదు" అని అధికారం ఉన్న ఒక మనిషి సంతకం పెట్టిన వాంగ్మూలం, ఇంతే కావాలి. నిస్సాన్ కార్ల కంపెనీ మాజీ చైర్మన్ కార్లోస్ ఘోన్ ఒమన్‌లోని డీలర్ ద్వారా కంపెనీ సొమ్ము మళ్ళించాడని 2019 ఏప్రిల్‌లో పెట్టిన కేసులో ఆ కంపెనీయే ఫిర్యాదు ఇచ్చింది, లోపలి కాగితాలు కూడా అందించింది. రాజకీయ సంఘంలో ఆ చివరి వాంగ్మూలం ఇచ్చే మనిషి దొరకడు. ఎందుకంటే ఎంపీ పేరు మీద ఉండే నిధుల సంఘానికి అధ్యక్షుడు ఆ ఎంపీయే, కోశాధికారి అతని కార్యదర్శో బంధువో అయి ఉంటారు. సొమ్ము పోయిన సంఘం తరఫున మాట్లాడాల్సిందీ అతనే, సొమ్ము తీసుకున్నాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్నదీ అతనే. ఫిర్యాదు రాకపోవడాన్ని ఉదారత అనుకోవడానికి వీల్లేదు, అక్కడ ఫిర్యాదు చేయగల వేరే మనిషే లేడు.

చందాలిచ్చినవాళ్ళు బాధితులు కారా అని అడగొచ్చు. మామూలు న్యాయబుద్ధితో చూస్తే అవుతారు, చట్టం లెక్కలో కారు. చందా ఇచ్చిన మరుక్షణం ఆ డబ్బు సంఘానిదైపోతుంది, ఇచ్చినవాడికి దాని మీద హక్కు మిగలదు. అబద్ధం చెప్పి చందా గుంజారని రుజువైతే అది మోసం అవుతుంది గానీ స్వాహా కాదు.

జపాన్ సుప్రీంకోర్టు పాత తీర్పులు నిజానికి ఈ విషయంలో గట్టిగానే ఉన్నాయి. 1949 మార్చి 8 నాటి కేసులో ఒక రైతు సంఘం పెద్ద, రైతులు ప్రభుత్వానికి అప్పగించమని తన దగ్గర పెట్టిన బియ్యాన్ని ఎరువు కోసం మార్పిడి చేశాడు. సొంతానికి తినలేదు, రైతుల కోసమే అన్నాడు, తర్వాత భర్తీ చేద్దామనుకున్నానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. నమ్మి అప్పగించిన షరతుని మీరి, యజమాని మాత్రమే చేయగలిగిన పని అధికారం లేకుండా చేస్తే అది స్వాహాయే, సొంత లాభం చూసుకోవాలన్న నియమం లేదు, తర్వాత పూడుస్తాననుకున్నా నేరం పోదు అని తేల్చింది. 1951 మే 25 నాటి ఇంకో తీర్పు తేయాకు కొనమని ఇచ్చిన డబ్బు గురించి. ఫలానా పని కోసం అని చెప్పి ఇచ్చిన డబ్బు, చేతిలో నోట్లు కలిసిపోయినా సరే, ఇచ్చినవాడిదే అని అందులో చెప్పారు. ఈ రెండు తీర్పుల్ని పక్కపక్కన పెట్టి చదివితే రాజకీయ నిధుల మీద కేసులు పెట్టడానికి దారి సాఫీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ ఆ తీర్పులు పనిచేయాలంటే ముందు "ఫలానా పని కోసం" అన్న షరతు ఒకటి ఉండాలి. రాజకీయ నిధుల్లో లోపించేది సరిగ్గా అదే. ప్రతి పౌరుడికీ 250 యెన్ చొప్పున లెక్కగట్టి ఏటా సుమారు 3,150 కోట్ల యెన్ ప్రజాధనాన్ని పార్టీలకి సబ్సిడీగా ఇచ్చే 1994 చట్టంలోనే, ఆ డబ్బు దేనికి వాడాలో ప్రభుత్వం ఆంక్షలు పెట్టకూడదని సెక్షన్ 4లో రాసి ఉంది. రాజకీయ స్వేచ్ఛ కోసం పెట్టిన నియమం అది, దాని వెనుక ఉద్దేశం మంచిదే. ఒక్కో ఎంపీకి నెలకి 10 లక్షల యెన్ చొప్పున వచ్చే భత్యానికైతే ఎన్నో ఏళ్ళపాటు రసీదులు చూపించే పని ఉండేది కాదు, మిగిలితే తిరిగివ్వాలన్న నియమం కూడా ఉండేది కాదు. పార్టీలు తమ పెద్ద నాయకులకి విధాన కార్యకలాపాల ఖర్చు అన్న పేరుతో కోట్లకి కోట్లు ఇచ్చేవి, ఆ తర్వాత అది ఎటు పోయిందో బయట పెట్టాల్సిన పని ఉండేది కాదు. షరతే లేనప్పుడు షరతు మీరడం అన్న మాటే పుట్టదు. పైగా సంఘం కోసమే ఖర్చు పెట్టానని తేలితే స్వాహా కాదన్న సూత్రం కూడా ఉంది. విందులు, ప్రయాణాలు, పెళ్ళి చదివింపులు, పరామర్శలు అన్నీ రాజకీయమే అని చెప్పుకోగల వృత్తిలో ఆ సూత్రం ఎంత పెద్ద గొడుగో ఊహించుకోవచ్చు.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్డీపీ) లోపలి వర్గాల రహస్య నిధుల వ్యవహారాన్ని మించిన ఉదాహరణ లేదు. 2022 నవంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక అకహతా ఆదివారం సంచిక మొదట రాసింది, కోబే గకుయిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కమివాకి హిరోషి లెక్కల్ని ఒక్కొక్కటీ సరిచూసి ప్రాసిక్యూటర్లకి ఫిర్యాదులు ఇస్తూ పోయాడు. పద్ధతి ఇలా ఉండేది: వర్గం తరఫున నిధుల సేకరణ విందు జరుగుతుంది, టికెట్ మామూలుగా 20,000 యెన్, ఒక్కో ఎంపీకి ఇన్ని టికెట్లు అమ్మాలని కోటా. కోటా దాటి అమ్మిన డబ్బు వర్గం దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి లెక్కల్లో ఎక్కకుండా నగదుగా ఎంపీకి వెనక్కి వచ్చేది. కొందరు ఆ తిప్పట కూడా లేకుండా, కోటా దాటిన డబ్బుని వర్గానికి అసలు ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచేసుకున్నారు. దీన్ని అక్కడ నకనుకి అన్నారు.

ఈ రెండో పద్ధతిని కాస్త ఆగి చూడాలి. విందు పెట్టింది వర్గం, టికెట్ డబ్బు వర్గానిది, ఎంపీ కేవలం అమ్మిపెట్టాడు. వర్గం డబ్బుని వర్గానికి చెప్పకుండా ఉంచేసుకుంటే అది 253 కిందికి రావాలి కదా? ఒక బీమా ఏజెంటు ప్రీమియం వసూలు చేసి కంపెనీకి కట్టకపోతే ఎవరికీ ఏ సందేహమూ రాదు. ఇక్కడ మాత్రం ఆ వర్గం ఏ ఎంపీ మీదా ఫిర్యాదు ఇవ్వలేదు, పైగా ఎలాగూ తిరిగిచ్చే డబ్బే కాబట్టి అభ్యంతరం లేదన్న అర్థం వచ్చే పరిస్థితి. యజమానికి అభ్యంతరం లేకపోతే స్వాహా లేదు. ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. ఈ వెనక్కిచ్చే పద్ధతిని ఆపేయమని 2022 ఏప్రిల్‌లో వర్గం అధ్యక్షుడు, మాజీ ప్రధాని అబే షింజో చెప్పాడని, జులైలో ఆయన హత్య తర్వాత మళ్ళీ మొదలైందని పార్లమెంటు నైతిక విలువల కమిటీ ముందే బయటికొచ్చింది. ఎవరి నిర్ణయంతో మళ్ళీ మొదలైందో అక్కడికి వచ్చిన నాయకుల్లో ఒక్కరూ స్పష్టంగా చెప్పలేదు. అధ్యక్షుడు ఆపమన్నాక, మళ్ళీ ఇవ్వమన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారో తేలనప్పుడు, ఆ డబ్బు అనుమతితోనే బయటికెళ్ళిందని ఎలా అనుకుంటాం? అనుమతి ఇచ్చిన మనిషి పేరు చెప్పలేని చోట అనుమతి ఉందని ఊహించుకోవడం దర్యాప్తు చేసే పద్ధతి కాదు. 2024 జనవరిలో అబే వర్గం తనని తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది, దాంతో బాధితుడి స్థానంలో నిలబడాల్సిన సంఘమే లేకుండా పోయే పరిస్థితి. బాధిత సంఘం రద్దయినంత మాత్రాన అప్పటికే జరిగిన నేరం చెరిగిపోదు, కాకపోతే సాక్ష్యం చెప్పే నోరు ఇంకొకటి తగ్గుతుంది.

చివరికి ప్రాసిక్యూటర్లు ఎంచుకున్నది రాజకీయ నిధుల నియంత్రణ చట్టం, అందులోనూ లెక్కల నివేదికలో తప్పుడు వివరాలు రాసిన నేరం. 2018 నుంచి 2022 దాకా అబే వర్గం దాచిన మొత్తం సుమారు 67.5 కోట్ల యెన్ అని తేల్చి, 2024 జనవరి 19న వర్గాల కోశాధికారుల మీద కేసులు పెట్టారు. ఎంపీల్లో ఇకెదా యొషితకా అరెస్టయ్యాడు, మరో ఇద్దరి మీద కేసులు పడ్డాయి. దాదాపు 3 కోట్ల యెన్ దాటినవాళ్ళ దగ్గరే గీత గీశారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. వర్గం పెద్దల మీద ఏమీ లేదు.

తప్పుడు లెక్కల నేరానికి బాధితుడు అక్కర్లేదు, అదే దాని సౌలభ్యం. కాగితం మీద రాసిందీ జరిగిందీ ఒకటి కాదని చూపిస్తే చాలు, అనుమతి ఉందా లేదా అన్న గొడవ ఉండదు. నష్టం కూడా అక్కడే ఉంది. శిక్ష 5 ఏళ్ళ వరకు జైలు లేదా 10 లక్షల యెన్ వరకు జరిమానా, అంటే 253తో పోలిస్తే సగం. కేసు పెట్టడానికి గడువు 5 ఏళ్ళు, 253కైతే 7 ఏళ్ళు. ఈ వ్యవహారంలో అన్ని లెక్కలూ 2018 దగ్గరే ఎందుకు మొదలవుతాయో ఈ గడువుని చూస్తే అర్థమవుతుంది. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే కాగితం నింపింది కోశాధికారి కాబట్టి బాధ్యత అతని మీదే పడుతుంది. నాయకుడు కుమ్మక్కయ్యాడని విడిగా రుజువు చేయాలి, లేదా కోశాధికారిని ఎంచుకోవడంలోనూ పర్యవేక్షించడంలోనూ రెండింట్లోనూ అజాగ్రత్త చూపించాడని తేల్చాలి. డబ్బు అనుభవించింది ఎవరన్న ప్రశ్న ఈ చట్టంలో అడగనే అడగరు. స్వాహా కేసులో మొదట అడిగేదే ఆ ప్రశ్న.

రెండో పక్కదారి ఆదాయపు పన్ను. 1992లో ఎల్డీపీ దిగ్గజం కనెమారు షిన్ ఒక రవాణా కంపెనీ నుంచి 50 కోట్ల యెన్ తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. ప్రాసిక్యూటర్లు ఆయన్ని పిలిచి ప్రశ్నించకుండానే, రాసి పంపిన వివరణ తీసుకుని, రాజకీయ నిధుల చట్టం కింద 2 లక్షల యెన్ జరిమానాతో ముగించారు. ఆ చట్టంలో ఆ నేరానికి అంతకన్నా శిక్ష లేదు. జనం భగ్గుమన్నారు, ఒకతను ప్రాసిక్యూటర్ల కార్యాలయం బయట రాతి బోర్డు మీద పసుపు రంగు పెయింట్ విసిరికొట్టాడు. 1993 మార్చిలో అదే ప్రాసిక్యూటర్లు కనెమారుని పన్ను ఎగవేత కింద అరెస్టు చేశారు. సోదాల్లో పేరు రాయక్కర్లేని బాండ్లు, బంగారు కడ్డీలు దొరికాయి. రాజకీయ అవసరాల కోసం దాచిన సొమ్మన్నది ఆయన వాదన. పన్ను కేసులో బాధితుడు ప్రభుత్వ ఖజానా, దానికి ఎవరి అనుమతీ అడ్డురాదు. తీర్పు రాకముందే 1996లో ఆయన చనిపోయాడు. వర్గాల వ్యవహారంలోనూ ఇదే దారి పట్టాలని చాలామంది అడిగారు, కానీ ఆ డబ్బు ఎంపీకి కాక ఎంపీ సంఘానికి వచ్చిందని లెక్కేసిన క్షణంలోనే పన్ను ప్రశ్న పక్కకి పోయింది. సంఘానికి వచ్చిన చందా మీద పన్ను లేదు.

బాధితుడు నిజంగా ముందుకొచ్చినప్పుడు కథ ఎంత వేగంగా నడుస్తుందో ఒక స్థానిక కేసులో కనిపిస్తుంది. 2014 జులైలో ప్రెస్ మీట్‌లో వెక్కి వెక్కి ఏడ్చిన హ్యోగో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) అసెంబ్లీ సభ్యుడు నొనొమురా ర్యుతారో వీడియో ప్రపంచమంతా చుట్టింది, తెలుగువాళ్ళలోనూ చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఒక ఏడాదిలో 195 సార్లు ఒక్కరోజు ప్రయాణాలు చేశానని, అందులో 106 సార్లు కినొసాకి వేడినీటి బుగ్గల ఊరికే వెళ్ళానని లెక్క చూపించాడు. అసెంబ్లీయే అతని మీద ఫిర్యాదు ఇచ్చింది. మొత్తం సుమారు 91.3 లక్షల యెన్ మాత్రమే. 2016 జులైలో కోబే జిల్లా కోర్టు 3 ఏళ్ళ జైలు శిక్ష వేసి, 4 ఏళ్ళపాటు అమలు నిలిపివేసింది. అయితే అక్కడ కూడా పెట్టింది స్వాహా కేసు కాదు, మోసం కేసు. ముందుగా ఇచ్చేసిన నిధిలో ఖర్చుకాని భాగాన్ని తిరిగివ్వాల్సి ఉండగా, దొంగ లెక్కలు చూపించి తిరిగివ్వకుండా తప్పించుకున్నాడన్నది నేరం. ఇది సాధ్యమైంది రెండు కారణాల వల్ల: మిగిలింది తిరిగివ్వాలని నియమం రాసి ఉంది, అసెంబ్లీ అతన్ని కాపాడాలనుకోలేదు. అప్పట్లో పార్లమెంటులో ఆ రెండూ లేవు.

సంస్థ మౌనంగా ఉన్నా కేసు పెట్టొచ్చని చూపించే ఉదాహరణ రాజకీయాల బయట, నిహోన్ యూనివర్సిటీలో ఉంది. 2021 అక్టోబర్‌లో ఆ యూనివర్సిటీ డైరెక్టర్ ఒకరిని ఆస్పత్రి పునర్నిర్మాణం కాంట్రాక్టులో సుమారు 22 కోట్ల యెన్ నష్టం కలిగించాడని నమ్మకద్రోహం కింద అరెస్టు చేశారు. యూనివర్సిటీ మాత్రం మొదట్లో ఫిర్యాదుకి ముందుకు రాలేదు. అప్పటి చైర్మన్ తనకా హిదెతోషికి ఆ డైరెక్టర్ దగ్గరివాడు. ప్రాసిక్యూటర్లు ఆగలేదు, నవంబర్‌లో ఆ చైర్మన్‌నే పన్ను ఎగవేత కింద అరెస్టు చేశారు, ఆయన పదవి పోయాక యూనివర్సిటీ తీరు మారింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది: సంస్థ మౌనం అంటే ఆ సమయంలో దాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి మౌనం. మనిషి మారితే సంస్థ మాట మారింది. అలాంటప్పుడు ఆ మొదటి మౌనాన్ని యజమాని అంగీకారంగా లెక్కేయడానికి ఏ ఆధారమూ లేదు.

ప్రాసిక్యూటర్లు వెనకాడటానికి పూర్తిగా అన్యాయం కాని కారణాలు కూడా ఉన్నాయి, వాటిని తోసిపుచ్చకూడదు. పార్టీ లోపలి డబ్బు ఎలా పంచుకోవాలో నిర్ణయించే హక్కు పార్టీదే, ప్రతి లోపలి తగాదాలోనూ ప్రభుత్వ ప్రాసిక్యూటర్ దూరితే ముందు దెబ్బ తినేది ప్రతిపక్షాలే. రెండోది 1954 నౌకానిర్మాణ కుంభకోణం నేర్పిన పాఠం. అధికార లిబరల్ పార్టీ ప్రధాన కార్యదర్శి సాతో ఎయిసాకుని అరెస్టు చేయబోతుంటే న్యాయమంత్రి ఇనుకాయ్ తకెరు ప్రాసిక్యూటర్ జనరల్‌కి ఆదేశమిచ్చి ఆపించాడు, మర్నాడే రాజీనామా చేశాడు. సాతో తర్వాత ప్రధాని అయ్యాడు. ఒక్కో కేసులో మంత్రి ప్రాసిక్యూటర్ జనరల్‌ని ఆదేశించే ఆ అధికారం చట్టంలో ఇప్పటికీ ఉంది. అందుకే రాజకీయ కేసుల్లో ఓడిపోతామేమో అన్న టెన్షన్ ప్రాసిక్యూటర్లకి ఎక్కువ, నూటికి నూరు పాళ్ళు గెలుస్తామనుకున్నదే ముట్టుకుంటారు. దానికి తోడు సెక్షన్ 248 ఉంది: నేరం తీవ్రత, పరిస్థితులు, తర్వాత జరిగినవి చూసి కేసు అవసరం లేదనుకుంటే వదిలేయొచ్చు. డబ్బు వెనక్కి కట్టేసి, సంఘం మాకేం ఫిర్యాదు లేదంటే ఆ సెక్షన్ ప్రకారం వదిలేయడానికి కారణం దొరికినట్టే. నేరం నిలబడటానికి అక్కర్లేని ఫిర్యాదు, వదిలేయడానికి మాత్రం కొలమానంగా మారిపోతుంది.

ఇక్కడే బయటివాళ్ళు ఇచ్చే ఫిర్యాదుకి అసలు విలువ తెలుస్తుంది. కేసు మొదలవడానికి అది అక్కర్లేదు, కానీ కేసు ఆగిపోయినప్పుడు పనికొస్తుంది. కేసు పెట్టట్లేదని ప్రాసిక్యూటర్లు నిర్ణయిస్తే ఫిర్యాదుదారుకి చెప్పాలి, అడిగితే కారణం చెప్పాలి. ఆ కారణం చాలాసార్లు "ఆధారాలు చాలవు" అన్నంత పొట్టిగా ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని ఫిర్యాదుదారు ప్రాసిక్యూషన్ సమీక్షా సంఘానికి వెళ్ళొచ్చు. ఓటర్ల జాబితా నుంచి చీటీ తీసి ఎంపిక చేసిన 11 మంది మామూలు మనుషులు, 6 నెలల పదవీకాలం. వాళ్ళలో 8 మంది కేసు పెట్టాల్సిందే అంటే ప్రాసిక్యూటర్లు మళ్ళీ చూడాలి, అప్పటికీ కాదంటే, రెండోసారి కూడా 8 మంది అదే మాటంటే, 2009 మే నుంచి కోర్టు నియమించిన లాయర్లే ప్రాసిక్యూటర్లుగా కేసు నడుపుతారు. హిరోషిమాలో మాజీ న్యాయమంత్రి కవాయ్ కత్సుయుకి ఓట్ల కోసం పంచిన డబ్బు తీసుకున్న 100 మందినీ 2021లో వదిలేస్తే, ఈ సంఘమే 35 మంది మీద కేసు పెట్టాలంది, ప్రాసిక్యూటర్లు 2022 మార్చిలో 34 మంది మీద పెట్టారు. ఎదురుదెబ్బ తగిలిన కేసూ ఉంది. ప్రముఖ రాజకీయ నాయకుడు ఒజావా ఇచిరో మీద భూమి కొనుగోలుకి వాడిన 40 కోట్ల యెన్ లెక్కల విషయంలో ఇదే దారిలో 2011 జనవరిలో కేసు పడింది, 2012 ఏప్రిల్‌లో నిర్దోషిగా తేలాడు, ఆ ఏడాది నవంబర్‌లో హైకోర్టూ అదే అంది. పైగా సమీక్షా సంఘానికి ప్రాసిక్యూటర్లు పంపిన దర్యాప్తు నివేదికలో జరగని సంభాషణ రాసి ఉందని బయటపడింది. అంటే ఆ 11 మంది ముందుకి వచ్చే కాగితాలు కూడా ప్రాసిక్యూటర్ల చేతుల మీదుగానే వస్తాయి.

మారాల్సింది ఎక్కడ? బంధువుల మినహాయింపు గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. 2008 ఫిబ్రవరి 18 నాటి కేసులో, కోర్టు సంరక్షకురాలిగా నియమించిన ఒక అమ్మమ్మ, మైనర్ మనవడి డబ్బు వాడేసింది. రక్తసంబంధం కాబట్టి శిక్ష ఉండకూడదన్నది వాదన. సంరక్షకత్వం ప్రజాసంబంధమైన బాధ్యత, ఆ కుర్చీలో కూర్చున్నాక చుట్టరికం చూపించి తప్పించుకోవడం కుదరదని కోర్టు అంది. 2012లో పెద్దవాళ్ళ సంరక్షకుల విషయంలోనూ అదే చెప్పింది. తన తరఫున మాట్లాడలేని బాధితుడి డబ్బుని, అతని తరఫున మాట్లాడాల్సిన మనిషే తీసుకున్నప్పుడు, వాళ్ళిద్దరి మధ్య ఉన్న దగ్గరితనం రక్షణగా పనిచేయకూడదన్నది ఆ తీర్పుల సారం. ఎంపీకీ అతని నిధుల సంఘానికీ మధ్య ఉన్నది అచ్చం ఆ పరిస్థితే. సంఘం అంగీకారాన్ని నిందితుడే ఇచ్చుకున్నప్పుడు దాన్ని అంగీకారంగా పరిగణించకపోవడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న చట్టాన్ని ఇలా చదివి ఒక కేసు కోర్టు ముందు పెట్టే ప్రాసిక్యూటర్ కావాలి. ఓడిపోయినా కోర్టు గీత ఎక్కడ గీస్తుందో తెలుస్తుంది, ఇప్పుడైతే అది కూడా తెలియదు.

చట్టం మార్చి తీరాల్సిన చోటు ఇంకొకటి. ప్రిఫెక్చర్‌లో, నగరంలో ప్రజాధనం దారి తప్పితే అక్కడ నివసించే ఒక్క మనిషైనా ముందు ఆడిట్ అడిగి, ఆ తర్వాత స్థానిక స్వపరిపాలన చట్టం సెక్షన్ 242-2 కింద కోర్టుకి వెళ్ళి, ఆ డబ్బు వెనక్కి రాబట్టమని గవర్నర్‌ని, మేయర్‌ని నిలదీయొచ్చు. కౌన్సిల్ మౌనంగా ఉన్నా ఫర్వాలేదు. జాతీయ స్థాయిలో అలాంటి దావా లేదు. 250 యెన్ చొప్పున పార్టీలకి ఇస్తున్న పౌరుడు ఆ డబ్బు గురించి సివిల్ కోర్టులో ఒక్క ప్రశ్న అడగలేడు. లెక్కల నివేదికలు తీసుకునే మంత్రిత్వశాఖకి కూడా కాగితాలు సరిగ్గా నింపారా లేదా చూసే అధికారం తప్ప లోపలికి వెళ్ళి చూసే అధికారం లేదు.

2024 జూన్ సవరణతో నాయకుడు లెక్కలు తనిఖీ చేశానని ధ్రువపత్రం ఇవ్వాలి, విందు టికెట్లు కొన్నవాళ్ళ పేర్లు బయటపెట్టే పరిమితి 2 లక్షల యెన్ నుంచి 50,000కి 2027 జనవరి నుంచి తగ్గుతుంది. అదే ఏడాది డిసెంబర్‌లో విధాన కార్యకలాపాల ఖర్చు రద్దయింది, ఎంపీల నెల భత్యానికి లెక్క చూపించాలన్న నియమం కూడా వచ్చింది. ఇందులో చివరి రెండూ స్వాహా కేసుల కోణంలో ముఖ్యమైనవి, ఎందుకంటే ఇన్నాళ్ళూ లేని షరతు ఇప్పుడు పుట్టింది, ఇక దాన్ని మీరడం అన్న మాటకి అర్థం ఉంటుంది. సంఘం తరఫున ఫిర్యాదు ఇవ్వగల, నాయకుడి చేతిలో లేని మనిషి ఒకడుండాలన్న నియమం మాత్రం ఈ సవరణల్లో ఎక్కడా లేదు.